సదరం క్యాంపులో "మంచిగున్న సార్" అనకండి

మన దగ్గర ఎవరైనా "ఎట్లున్నవ్ రా" అని అడిగితే ఆలోచించకుండా నోట్లోంచి వచ్చే మాట ఒకటే, "మంచిగున్న". కాలికి కట్టుతో మంచంలో పడి ఉన్నా చూడటానికి వచ్చిన చిన్నాయనకు అదే చెప్తాం, ఆయన తెచ్చిన బత్తాయిలు పక్కన పెట్టి వేరే ముచ్చట్లలో పడతాం. ఇంట్లో అది మర్యాదే. కానీ సదరం క్యాంపులో, అంటే వికలాంగుల సర్టిఫికెట్ కోసం పరీక్ష చేసే చోట, డాక్టర్ ముందు నిలబడి అదే మాట అంటే ఆయన దాన్ని నిజమే అనుకుంటాడు. నేను అన్నాను. బైక్ యాక్సిడెంట్‌లో కుడి మోకాలు పోయి రెండేళ్ళయ్యాక క్యాంపుకు పోయి, "నడుస్తున్నవా" అంటే "నడుస్తున్న సార్, మంచిగున్న" అని చెప్పి, గబగబా నాలుగు అడుగులు వేసి చూపించి, 30 శాతం అని రాయించుకుని వచ్చాను. కాలు బాగుండి అట్లా చెప్పలేదు, ఆ గదిలోంచి ఎంత తొందరగా బయటపడితే అంత చాలనే బుగులుతో చెప్పాను.

యాక్సిడెంట్ తర్వాత నాకు కాలితో పాటు గాబరా కూడా పట్టుకుంది. జనం ఎక్కువున్న చోట గుండె దడ, చేతులు తిమ్మిర్లు, ఇప్పుడే పడిపోతాననే భయం. ఇట్లాంటి మనిషి పొద్దున్నుంచి లైన్లో నిలబడి, పేరు పిలుస్తారో లేదో అని చెవులు రిక్కించి, చివరికి డాక్టర్ ముందుకు పోయేసరికి మెదడు సగం పనిచేయదు. అందుకే ఇది రాస్తున్నా. కాలుకో కంటికో చెవికో సర్టిఫికెట్ కావాల్సి ఉండి పైన గాబరా కూడా ఉన్నవాళ్ళకు, మానసిక జబ్బుకే సర్టిఫికెట్ కోసం పోతున్నవాళ్ళకు, ఇద్దరికీ పనికొస్తుంది.

ముందు దరఖాస్తు సంగతి త్వరగా చెప్పేస్తా. అందరం ఇంకా సదరం అనే అంటున్నాం కానీ, 2025 నుంచి మన తెలంగాణలో కొత్త దరఖాస్తులు యూడీఐడీ కిందికి మారాయి, అంటే దేశమంతటికీ ఒకటే కార్డు. స్వావలంబన్ పోర్టల్‌లో మీరే ఫోన్లో చేసుకోవచ్చు, రాకపోతే మీసేవకు పోండి. ఆధార్, ఫొటో, సంతకం లేదా వేలిముద్ర, ఉన్న మెడికల్ కాగితాలు కావాలి. ఫోన్ నంబర్ మాత్రం మీ చేతిలో ఉండేదే ఇవ్వండి, ఎందుకంటే క్యాంపు తేదీ మెసేజ్‌లో వస్తుంది. మీసేవ అతని నంబరో దుబాయిలో ఉన్న తమ్ముడి నంబరో ఇచ్చి తేదీ తెలియక పోగొట్టుకున్నవాళ్ళు మా మండలంలోనే ఉన్నారు.

ఇంకొకటి, పాత వరంగల్ జిల్లా 2016లో ముక్కలైంది, 2019లో ములుగు కూడా వేరైంది, 2021లో వరంగల్ అర్బన్ పోయి హన్మకొండ జిల్లా, వరంగల్ రూరల్ పోయి వరంగల్ జిల్లా అయ్యాయి. చాలామందికి ఇంకా ఏదైనా వరంగల్ పెద్దాస్పత్రి ఎంజీఎంలోనే అనే అలవాటు. మీరు ఉంటున్న జిల్లా ఏదో, ఆధార్‌లో ఏముందో ముందే చూసుకుని, మెసేజ్‌లో రాసిన చోటికే పోండి. గాబరా ఉన్న మనిషికి తప్పు ఆస్పత్రికి పోయి తిరిగి ఇంకో ఊరికి పరుగెత్తడం కంటే నరకం లేదు. ఆ రోజు ఇక పని కాదు.

పర్సంటేజీ ఎందుకంత ముఖ్యమంటే, 40 దగ్గర ఒక గీత ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది కానీ, రిజర్వేషన్ లాంటి వాటిలో చాలావరకు 40 శాతం, ఆపైన ఉంటేనే దొరుకుతాయి. 2023లో 4,016 రూపాయలకు పెంచిన మన పింఛన్‌కూ అంతే, చెవుడుకు మాత్రం 51 ఉండాలి. కార్డు రంగు కూడా దాన్నిబట్టే, 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. అంటే నా "మంచిగున్న సార్" అనే ఒక్క మాటతో నేను గీతకు ఇవతలే ఆగిపోయాను.

అసలు పని క్యాంపు రోజుకు ముందే ఉంది

గాబరా ఉన్నవాళ్ళకు నేను మొట్టమొదట చెప్పేది, అక్కడ నోటిని నమ్ముకోవద్దు, కాగితాన్ని నమ్ముకోండి. ఇంట్లో, ప్రశాంతంగా ఉన్నప్పుడు, ఒక పేజీ రాసుకోండి. తెలుగులోనే. రెండు పేజీలు వద్దు, డాక్టర్‌కు చదివే టైమ్ ఉండదు. జబ్బు పేరు, ఎప్పటి నుంచి, ఏయే ఆపరేషన్లు, ఏ మందులు అనేవి నాలుగు లైన్లలో పెట్టి, మిగతా పేజీ అంతా మీరు ఏం చేయలేకపోతున్నారో రాయండి.

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. "నడవడం కష్టం" అని రాస్తారు. కష్టం అంటే ఎంత? నా మొదటి కాగితంలో నేనూ అట్లాగే రాశాను, అక్క చదివి చింపేసింది. "నువ్వు సంతకు పోతే ఏమైతదో అది రాయి" అంది. అప్పుడు రాసింది ఇట్లా ఉంది: "మా ఇంటి నుంచి బస్టాపు ఐదు నిమిషాలు. నాకు పావుగంట పడుతుంది, మధ్యలో హోటల్ ముందు బల్ల మీద కూర్చుంటాను. బస్సు మెట్టు ఎత్తుగా ఉంటే ఎవరైనా చేయి అందించాలి. కింద కూర్చుంటే సొంతంగా లేవలేను, అందుకే పెళ్ళిళ్ళలో బంతి భోజనానికి కూర్చోను, నిలబడి తింటాను. మామూలు లెట్రిన్ వాడలేను, కుర్చీకి రంధ్రం చేసి వాడుతున్నాం. వాన పడితే పొలం గట్టు మీదికి పోను. రాత్రి నొప్పికి వారంలో మూడు నాలుగు సార్లు లేస్తాను."

చూశారుగా, ఇందులో ఏడుపు లేదు, ఎక్కువ చేసింది లేదు, ఉన్నదే. కానీ డాక్టర్‌కు అడగడానికి పది ప్రశ్నలు దొరికాయి. మంచి రోజు గురించి రాయకండి, చెడ్డ రోజు గురించి రాయండి, ఆ చెడ్డ రోజు నెలలో ఎన్నిసార్లు వస్తుందో కూడా రాయండి. అప్పుడే అది నిజమైన లెక్క.

ఇక మానసిక జబ్బుకే సర్టిఫికెట్ అడిగేవాళ్ళకు సూటిగా ఒక మాట. టెన్షన్ ఉంది, భయం ఉంది అన్నంత మాత్రాన సర్టిఫికెట్ రాదు. చట్టంలో మానసిక అనారోగ్యం అంటే ఆలోచన, మూడ్, జ్ఞాపకం లాంటివి బాగా దెబ్బతిని, దానివల్ల మనిషి మంచిచెడ్డ తేల్చుకోవడమో, ప్రవర్తనో, ఏది నిజమో గుర్తించడమో, రోజువారీ బతుకు అవసరాలు తీర్చుకోవడమో తీవ్రంగా పాడై ఉండాలి. దాన్ని కొలవడానికి ఐడియాస్ అనే ఒక స్కేలు వాడతారు, భారతీయ సైకియాట్రిక్ సొసైటీ వాళ్ళు తయారుచేసింది. అందులో నాలుగు సంగతులు చూస్తారు: సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడటం అర్థం చేసుకోవడం, పని చేయడం. ఒక్కోదానికి సున్నా నుంచి 4 వరకు మార్కులు, జబ్బు ఎంతకాలంగా ఉందనేదానికి ఇంకో 4 వరకు. మొత్తం 20కి 7 వస్తే 40 శాతం గీత దాటినట్టు. పరీక్షల్లో లాగా ఎక్కువ మార్కులు వస్తే సంతోషపడే లెక్క కాదిది, ఎక్కువ వస్తే జబ్బు అంత ముదిరిందని.

ఈ నాలుగూ తెలిస్తే మీ పేజీ ఎట్లా రాయాలో తెలుస్తుంది. "చాలా భయంగా ఉంటది సార్" అంటే ఎక్కడా మార్కు పడదు. "అమ్మ చెప్తేనే స్నానం చేస్తాను, చెప్పకపోతే నాలుగైదు రోజులు చేయను", "బంధువుల ఇంటికి పోయి ఏడాది దాటింది, సొంత చెల్లె పెళ్ళిలో కూడా గదిలోంచి బయటికి రాలేదు", "కిరాణా షాపులో పనికి కుదిరి పదకొండు రోజులకు మానేశాను, అంతకుముందు ఇంకో రెండు చోట్ల మానేశాను", ఇట్లా ఉండాలి. మీ జబ్బు ఎంతకాలంగా ఉందో చూపించే పాత చీటీలు, మందుల షాపు బిల్లులు, ఓపీ పుస్తకం పారేయకండి. చీటీ మీద తేదీ చెరిగిపోతుంటే ఈరోజే ఫొటో తీసి పెట్టుకోండి. ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్న ఖర్చు ఎంతైనా కావచ్చు, సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్ల బోర్డు ముందు నిలబడేది సైకియాట్రిస్ట్ రాసిన కాగితమే. ఇప్పటిదాకా ఎవరికీ చూపించుకోలేదంటే ముందు అక్కడికే పోండి, సర్టిఫికెట్ కోసం కాకపోయినా జబ్బు కోసం.

కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి, పైన మీ ఒక పేజీ, దాని కింద ఆధార్, దాని కింద కొత్తవి పైన పాతవి కింద వచ్చేట్టు చీటీలు, ఎక్స్‌రేలు వేరే. ఒక జిరాక్స్ సెట్టు. గాబరాలో చేతులు వణుకుతుంటే కాగితం వెతకడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఒకసారి ఎక్స్‌రేలన్నీ నేలపాలు చేశాను.

వీలైతే ఒక రోజు ముందే పోయి ఆ చోటు చూసి రండి. దీన్ని చాదస్తం అనుకోవద్దు, నాకు అన్నింటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే. గేటు ఎటు, క్యాంపు ఏ బిల్డింగులో, ర్యాంపు ఉందా, బాత్రూం ఎక్కడ, నీళ్ళెక్కడ, కాసేపు గాలికి కూర్చోవడానికి చెట్టో అరుగో ఉందా. పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళకు రెండు రోజులు రావడం భారమే, అప్పుడు కనీసం ఆ ఊళ్ళో ఉండే చుట్టాన్ని పంపి ఫోన్లో వీడియో తీయించుకోండి. ఎరుగని చోటే సగం భయం పెడుతుంది.

తోడు ఎవరు?

తోడు తప్పనిసరి. కానీ ఎవరో ఆలోచించండి. మా బాపు వస్తానన్నాడు, నేనే వద్దన్నాను, ఎందుకంటే ఆయన లైన్లో నాలుగుసార్లు "ఏంకాదు, ధైర్యంగా ఉండు" అంటాడు, ఆ మాటకు నా దడ ఇంకా పెరుగుతుంది, పైగా డాక్టర్ ముందు కొడుకు మీద ప్రేమతో "మావోడు హుషారే సార్" అని అన్నా అంటాడు. అక్కను తీసుకుపోయాను. అక్క ఎక్కువ మాట్లాడదు, టోకెన్ తీసుకుంటుంది, పేరు పిలిస్తే వింటుంది, నేను తడబడితే కాగితం ముందుకు జరుపుతుంది. మీ ఇంట్లో అట్లాంటి మనిషి ఎవరో మీకు తెలుసు. వాళ్ళకు ముందురోజే చెప్పి పెట్టండి: నేను "మంచిగున్న" అంటే ఆపు, నేను చెప్పలేకపోతే ఫలానా రెండు సంగతులు నువ్వు చెప్పు అని.

ఆ రోజు పొద్దున కడుపు ఖాళీగా పోవద్దు. ఉప్మానో రెండు ఇడ్లీలో తిని, టీ మాత్రం ఒక్కటితో ఆపండి, లైన్లో నిలబడి విసుగుతో మూడో చాయ్ తాగితే గుండె దడ ఎందుకొచ్చిందో మీకే తెలియదు. రోజూ వేసుకునే మందులు వేసుకోండి. "మందులు వేసుకుంటే బాగున్నట్టు కనిపిస్తా, మానేస్తా" అనే ఆలోచన చాలామందికి వస్తుంది, దయచేసి వద్దు, అట్లా ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం. మందు వేసుకున్నా ఏమేం చేయలేకపోతున్నారో కాగితంలో ఉంది కదా. అట్లాగే పక్కింటివాళ్ళు ఇచ్చిన నిద్రమాత్ర వేసుకుని పోకండి, మాట ముద్దగా వస్తుంది.

బట్టలు వదులుగా ఉండేవి. కాలు చూపించాలంటే ప్యాంటు మోకాలి దాకా మడవాలి, జీన్స్ అయితే అక్కడే ఒక యుద్ధం. ఆడవాళ్ళయితే తమను పరీక్ష చేసేటప్పుడు పక్కన తోడు ఉండాలనీ, ఆడ మనిషి ఎవరైనా ఉంటే బాగుంటుందనీ అడగండి, అడగడం తప్పు కాదు.

అక్కడికి పోయాక చేయాల్సిన మొదటి పని, టోకెన్ ఇచ్చే మనిషికో అటెండర్‌కో ఒక్క వాక్యం చెప్పడం: "నాకు గాబరా జబ్బు ఉంది అన్నా, జనంలో నిలబడలేను, ఆ అరుగు మీద కూర్చుంటా, పేరు పిలిస్తే మా అక్క ఇక్కడే ఉంటది." అంతే. ఆయన విసుక్కున్నా పర్లేదు, చెప్పిన తర్వాత మీ చెవులకు కాపలా డ్యూటీ తప్పుతుంది. నా దడలో సగం పేరు పిలిచినప్పుడు వినబడదేమో అనే భయమే.

దడ మొదలైతే ఇట్లా చేయండి. మనం సాధారణంగా గాలి ఆడట్లేదని గబగబా పీలుస్తాం, దానివల్లే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి చేతులు తిమ్మిర్లెక్కి, తల తిరుగుతుంది, అది చూసి ఇంకా భయపడతాం. కాబట్టి పీల్చడం కాదు, వదలడం మీద మనసు పెట్టండి. నాలుగు లెక్కపెట్టేదాకా ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలాలి, వేడి పాలు ఊదినట్టు. నాకు అంకెలు గుర్తుండవు, అందుకని పీల్చేటప్పుడు "కాజీపేట", వదిలేటప్పుడు మెల్లగా సాగదీసి "వరంగల్" అనుకుంటా. నవ్వొస్తుంది కానీ పనిచేస్తుంది. ఈ దడ సాధారణంగా పది నిమిషాల్లోపు పైకెక్కి, తర్వాత దానంతట అదే దిగుతుంది. దిగేదాకా పారిపోకుండా కూర్చోగలిగితే చాలు. ఒకవేళ ఎప్పుడూ లేని ఛాతీ నొప్పి, ఎడమ చేతికి పాకడం లాంటిది వస్తే మాత్రం ఇది గాబరానే అని మీరే తీర్పు చెప్పుకోకండి, మీరున్నది ఆస్పత్రిలోనే కదా, చెప్పండి.

లోపల

గదిలోకి పోగానే కాగితం చేతికివ్వండి. "సార్, నాకు భయంతో మాట తడబడుతది, అన్నీ ఇందులో రాసిన" అనండి. మేడమ్ అయితే మేడమ్. కొందరు చదువుతారు, కొందరు పక్కన పెట్టి నేరుగా అడుగుతారు. పక్కన పెడితే మనసు చిన్నబుచ్చుకోకుండా, అడిగినదానికి ఆ కాగితంలో ఉన్న మాటతోనే జవాబు చెప్పండి. "మెట్లు ఎక్కుతవా" అంటే "ఎక్కుతా" అని ఆగిపోకండి. "కమ్మీ పట్టుకుంటే ఐదారు మెట్లు ఎక్కుతా, తర్వాత ఆగాలె, దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగుతా" అని పూర్తిగా చెప్పండి. మనలో చాలామందికి ఆ రెండో సగం చెప్పడం బిచ్చమెత్తినట్టు అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

కాలు చేతులకైతే కీలు ఎంత వంగుతుందో, కండరంలో బలం ఎంతుందో చూస్తారు, వంచమంటారు, నెట్టమంటారు. నొప్పి వచ్చే చోట "ఇక్కడ నొప్పి సార్" అని ఆపండి, పళ్ళు బిగించి పూర్తిగా వంచి చూపించకండి, నేను మొదటిసారి చేసిన వీరత్వం అదే. చెవికి ఆడియోమెట్రీ చేస్తారు, కంటికి చార్టు చదివిస్తారు. మానసికమైతే మీతో పాటు మీ ఇంటి మనిషితో కూడా మాట్లాడతారు.

అట్లాగని లేనిది కల్పించకండి. చెవి వినబడదని చెప్పినా బెరా పరీక్షలో శబ్దానికి మెదడు స్పందన తెలిసిపోతుంది. పైగా మోసంతో వికలాంగుల లాభాలు పొందితే అదే 2016 చట్టంలో రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. బయట గేటు దగ్గర "నాకింత ఇయ్యి, పర్సంటేజీ నేను చూసుకుంటా" అనే దళారీ ఎవరైనా తగిలితే చెప్పులు వేసుకుని నడవడమే. గాబరా మనుషులను వాళ్ళు ఇట్టే కనిపెడతారు.

మధ్యలో ఏడుపొస్తే ఏడవండి, ఒక నిమిషం ఆగమని అడగండి. మాట పూర్తిగా పడిపోతే తోడు వచ్చిన మనిషి వైపు చూడండి, అందుకే తెచ్చుకున్నాం.

బయటికొచ్చాక వెంటనే బస్సెక్కకండి. ఏమేం అడిగారు, ఏం చెప్పారు అన్నీ ఫోన్లో వాయిస్ రికార్డు చేసి పెట్టుకోండి, రెండు రోజులైతే ఒక్కటీ గుర్తుండదు. తర్వాత అప్పీలు చేయాల్సి వస్తే అదే పనికొస్తుంది. పర్సంటేజీ తక్కువ వచ్చిందనో, ఇవ్వలేదనో అనిపిస్తే ఆ నిర్ణయం వచ్చిన తేదీ నుంచి 90 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. నేను అట్లాగే చేశాను. రెండోసారి ఒక పేజీ కాగితం, అక్క, వదులు ప్యాంటుతో పోయాను, 45 వచ్చింది. ఈ మధ్యలో కాలేమీ ఇంకా పాడవలేదు, చెప్పిన తీరే మారింది.

ఆ రోజు రాత్రి నిద్ర పట్టక "ఇది చెప్పలేదు, అది చెప్పలేదు" అని మనసు నమిలేస్తుంటే 14416కు ఫోన్ చేయండి, టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు. నేను ఒకసారి రాత్రి రెండున్నరకు చేశాను.

సర్టిఫికెట్ వచ్చాక పేరు అక్షరాలు, పుట్టిన తేదీ, పర్సంటేజీ ఆధార్‌తో సరిచూసుకోండి. పింఛన్ దానంతట అదే రాదు, దానికి వేరుగా దరఖాస్తు పెట్టాలి. పర్మనెంటా టెంపరరీనా అన్నది కూడా చూడండి, మానసిక జబ్బులకు చాలాసార్లు టెంపరరీ ఇస్తారు, మళ్ళీ పోవాల్సిందే. నాది కూడా టెంపరరీనే. ఆ తేదీకి నాలుగు నెలల ముందు అలారం అక్క ఫోన్లో పెట్టించాను, నా ఫోన్లో ఉంటే చూసినప్పుడల్లా ఇప్పటి నుంచే బుగులు మొదలవుతుందని.